డబుల్ రేటు పెట్టి వేరియబుల్ పిచ్ కట్టర్ కొన్నా చాటర్ పోలేదు, మోసపోయానా?

బాలానగర్_మిల్లర్ | సోమవారం, రాత్రి 10:12

నమస్తే అందరికీ. చిన్న జాబ్ షాప్ మాది, రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మిషన్లు). టైటానియం గ్రేడ్ 5 బ్రాకెట్లు చేస్తున్నాం. పాకెట్ రఫింగ్‌లో (లోపలి గుంతని మోటుగా తొలిచే పని) 16 మి.మీ. సాలిడ్ కార్బైడ్ ఎండ్‌మిల్, 4 ఫ్లూట్లు, అంటే నాలుగు పళ్లు. స్పీడ్ 1200, పన్నుకి ఫీడ్ 0.08, అంటే టేబుల్ ఫీడ్ 384. పక్కకి 5 మి.మీ. తీసుకుంటున్నాం. డెప్త్ 10 ఇద్దామంటే 5 దాటగానే చాటర్, అంటే కట్టర్ ఊగిపోయి మిషన్ కేకలు పెడుతోంది. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. పాకెట్ గోడ మీద నాగలి చాళ్లలా మార్కులు, నాలుగు జాబులకే కట్టర్ మూలలు లేచిపోతున్నాయి.

సేల్స్ అతను వచ్చి "వేరియబుల్ పిచ్ వాడండి సార్, చాటర్ అన్న మాటే ఉండదు" అన్నాడు. మామూలు కట్టర్ ఏడు వేలు అయితే, పళ్ల మధ్య ఖాళీలు సమానంగా ఉండని ఈ రకం పదిహేను. కొన్నా. 5 దగ్గర అరిచేది ఇప్పుడు 6 దగ్గర అరుస్తోంది. ఒక్క మిల్లీమీటరుకి ఎనిమిది వేలు! లోపం కట్టర్‌లోనా, నాలోనా?

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 10:31

కట్టర్‌ని తిట్టే ముందు హోల్డర్ చూడు తమ్ముడూ. ఓవర్‌హ్యాంగ్ ఎంత? కోలెట్ (హోల్డర్‌లో కట్టర్‌ని పట్టి ఉంచే బుష్) ఎన్నేళ్లది? బయటికున్న పొడుగు 64 నుంచి 56కి తగ్గిస్తే చాలు, కట్టర్ వరకు బిగువు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పొడుగుకి మూడో ఘాతం లెక్క అది. ముందు అవి సరిచేసుకో, తర్వాత సైన్సు.

బాలానగర్_మిల్లర్ | సోమవారం, రాత్రి 10:40

బాబాయ్, 64 అని ఎలా కనిపెట్టావో గానీ సరిగ్గా అంతే. పాకెట్ లోతు 55. హోల్డర్ బీటీ40, ఈఆర్32 కోలెట్ రకం. నట్ పాకెట్‌లో దిగదు, అందుకే అంతకంటే తగ్గించలేను. కోలెట్ కొత్తదే, రనౌట్ (తిరిగేటప్పుడు కట్టర్ నడిమధ్య నుంచి పక్కకి జరగడం) డయల్ పెట్టి చూశా, మొన దగ్గర 12 మైక్రాన్లు. ఫిక్చర్ బోల్ట్‌లన్నీ మళ్లీ బిగించా.

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 10:44

కట్టర్ వ్యాసానికి నాలుగు రెట్ల పొడుగు పెట్టేవాళ్లే ఎక్కువగా వచ్చి అడుగుతారు, అందుకే ఆ అంకె. సరే, అయితే నువ్వు చేయాల్సింది చేశావు.

హోసూరు_సీను | మంగళవారం, ఉదయం 7:05

మా దగ్గర అల్యూమినియమే. మేము ఇలాంటి కట్టర్లు కొనం, స్పీడే మారుస్తాం. 3 ఫ్లూట్ల కట్టర్, మోత 900 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. 60 × 900 ÷ 3 = 18,000. ఆ స్పీడులో పెడితే వెన్నలా కోస్తుంది, 16,000లో పెడితే గోల. అన్నా, మీరూ స్పీడు పెంచి చూడొచ్చుగా?

సుత్తి_దెబ్బ | మంగళవారం, ఉదయం 8:20

సీను చెప్పింది నిజమే, కానీ టైటానియంలో ఆ దారి మూసుకుపోయింది. 16 మి.మీ. కట్టర్‌కి 1200 ఆర్పీఎం అంటేనే నిమిషానికి 60 మీటర్లు. ఇంకా పెంచితే కొస మాడిపోతుంది. అల్యూమినియంలో పన్నుకీ పన్నుకీ మధ్య కట్టర్ ఒకసారో రెండుసార్లో ఊగుతుంది, అందుకే ఆ నిశ్శబ్దపు స్పీడులు వెడల్పుగా దొరుకుతాయి. ఇక్కడ పన్నుకీ పన్నుకీ మధ్య పది, పదకొండు ఊపులు పడతాయి. ఆ స్థాయిలో ఆ నిశ్శబ్దపు స్పీడు పట్టీలు, అంటే స్టెబిలిటీ లోబ్‌లు, దువ్వెన పళ్లలా ఇరుకైపోతాయి. స్పీడు పట్టుకుని లాభం లేదు. వేరియబుల్ పిచ్ కనిపెట్టిందే ఇలాంటి చోటు కోసం.

బాలానగర్ గారూ, ఆ మోత ఎన్ని హెర్ట్జ్? అది తెలియకుండా ఇక్కడ ఎవరు ఏం చెప్పినా సోదే. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ ఒకటి వేసుకుని, డోర్ దగ్గర పెట్టి, కట్ నడుస్తుండగా రెండు మూడు సెకన్లు రికార్డ్ చేయండి. పాత కట్టర్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి. తర్వాత స్పిండిల్ ఆపి, కట్టర్ మొన మీద ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి ఆ "టింగ్" కూడా రికార్డ్ చేయండి. కోసే అంచు మీద కొట్టకండి, కార్బైడ్ పెచ్చు లేస్తుంది.

బాలానగర్_మిల్లర్ | మంగళవారం, సాయంత్రం 6:48

చేశా. కూలెంట్ తుంపర పడి ఫోన్ పోతుందేమోనని పాలిథిన్ కవర్లో పెట్టా.

పాత కట్టర్: 1200లో పెద్ద శిఖరం 865 హెర్ట్జ్. తట్టినప్పుడు 840.
కొత్త కట్టర్: 1200లో 890. తట్టినప్పుడు 862.

ఇవి కాక 80, 160, 240... ఇలా చిన్న చిన్నవి బోలెడు ఉన్నాయి.

చిలక_జోస్యం | మంగళవారం, రాత్రి 7:15

ఆ 80లు పళ్ల దెబ్బలు. 1200 ÷ 60 × 4 = 80, దాని గుణిజాలు ఎప్పుడూ ఉంటాయి, అవి చాటర్ కాదు. కానీ ఆ 865 మీద నాకో అనుమానం. రనౌట్ ఉంటే పన్ను లెక్కలో కాక చుట్టు లెక్కలో, అంటే 20 హెర్ట్జ్ గుణిజాలు కూడా వస్తాయి. 20 × 43 = 860. డిస్‌ప్లేలో 1200 ఉన్నా నిజంగా 1207 తిరుగుతుంటే సరిగ్గా 865 అవుతుంది. మీరు చాటర్ అనుకుంటున్నది వట్టి రనౌట్ అయి ఉండొచ్చు.

సుత్తి_దెబ్బ | మంగళవారం, రాత్రి 7:22

మంచి పాయింట్. తేల్చడం తేలిక. స్పీడు 1150కి తగ్గించి మళ్లీ రికార్డ్ చేయండి. రనౌట్ అయితే శిఖరం స్పీడుతో పాటే జారి 824 చుట్టుపక్కలకి రావాలి. చాటర్ అయితే కట్టర్ తన సొంత గొంతుతో అరుస్తుంది, స్పీడు ఎంతైనా అక్కడక్కడే ఉంటుంది.

బాలానగర్_మిల్లర్ | బుధవారం, ఉదయం 11:30

1150లో 862. కదల్లేదు.

చిలక_జోస్యం | బుధవారం, ఉదయం 11:34

అయితే చాటరే. నా అనుమానం వెనక్కి.

కేటలాగ్_రాజు | బుధవారం, మధ్యాహ్నం 1:10

నేను టూల్స్ అమ్మే లైన్‌లోనే ఉన్నాను. మా వైపు నుంచీ ఒక మాట. ఏ కంపెనీ అయినా పదిమందికి పనికొచ్చేలా ఒకే పిచ్ పెట్టి చేస్తుంది. మీ మిషన్, మీ హోల్డర్, మీ పొడుగు వాళ్లకి తెలియవు. ఎక్కువ మందికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. దాన్ని మోసం అనడం న్యాయం కాదు. కోణాలు మాత్రం కేటలాగ్‌లో వేయరు, అది వాళ్ల గుట్టు.

రాయి_చక్రం | బుధవారం, మధ్యాహ్నం 2:02

గుట్టేముంది, కట్టర్ చేతిలో ఉంటే కొలిచేసుకోవచ్చు. నేను రీగ్రైండింగ్ చేస్తాను. డివైడింగ్ హెడ్‌లో (డిగ్రీల లెక్కన తిప్పే పరికరం) కట్టర్ పట్టుకుని, డయల్ మొన ఒక పన్ను అంచుకి ఆనించి సున్నా పెట్టండి. తిప్పి తర్వాతి పన్ను అదే సున్నాకి వచ్చేసరికి ఎన్ని డిగ్రీలు తిరిగిందో రాసుకోండి. కెమెరా ఉన్న ప్రీసెట్టర్ (టూల్ కొలిచే మిషన్) దొరికితే రెండు నిమిషాల పని. కింద మొన దగ్గర ఒకసారి, 10 మి.మీ. పైన ఒకసారి కొలవండి. రెండూ ఒకేలా వస్తే హెలిక్స్ (పన్ను మెలి తిరిగే కోణం) సమానం, పిచ్ మాత్రమే తేడా. వేరుగా వస్తే హెలిక్స్ కూడా మార్చారని అర్థం.

బాలానగర్_మిల్లర్ | గురువారం, రాత్రి 9:15

తెలిసినవాళ్ల దగ్గర ప్రీసెట్టర్ మీద పెట్టించా. 85.8, 94.2, 85.8, 94.2. పైనా కిందా అంతే. ఒకటి విడిచి ఒకటి. తేడా 8.4 డిగ్రీలు.

సుత్తి_దెబ్బ | గురువారం, రాత్రి 10:50

దొరికింది దొంగ. ఓపిగ్గా చదవండి, ఇందులో ఎనిమిదో తరగతి లెక్క తప్ప ఏమీ లేదు.

ముందు చాటర్ సంగతి. కట్టర్ కాస్త ఊగుతూ కోస్తే గోడ మీద అల పడుతుంది. తర్వాతి పన్ను వచ్చి ఆ అల మీదే కోయాలి. అది కూడా ఊగుతోంది. పాత అలకీ దాని ఊపుకీ పొంతన కుదరకపోతే చిప్ ఒకచోట మందం, ఒకచోట పలచన అవుతుంది. బలం మారుతుంది, ఊపు పెరుగుతుంది, మూడో పన్నుకి ఇంకా పెద్ద అల మిగులుతుంది. ఉయ్యాల ఊపడం లాంటిదే. నలుగురు నిలబడి ఒకే అదునులో తోస్తే ఉయ్యాల ఆకాశానికి పోతుంది. వేరియబుల్ పిచ్ చేసే పనల్లా ఆ నలుగురి అదును చెడగొట్టడం. ఇద్దరు తోసేటప్పుడు ఇంకో ఇద్దరు అడ్డం పట్టాలి.

మీ కట్టర్ 890 హెర్ట్జ్‌లో అరుస్తోంది. 1200 ఆర్పీఎం అంటే సెకనుకి 20 చుట్లు. చుట్టుకి 890 ÷ 20 = 44.5 అలలు. ఇప్పుడు పళ్ల మధ్య ఎన్ని అలలు పడుతున్నాయో చూడండి:

85.8 డిగ్రీలకి: 85.8 ÷ 360 × 44.5 = 10.61
94.2 డిగ్రీలకి: 94.2 ÷ 360 × 44.5 = 11.64

పూర్ణాంకం వదిలేయండి, అది ఎన్ని ఊపులు గడిచాయో చెబుతుందంతే. మిగిలిన భిన్నమే అదును. ఒకటి 0.61, ఇంకోటి 0.64. రెండూ ఒకటే! పళ్ల మధ్య తేడా ఉంది, నిజమే, కానీ ఆ తేడా దాదాపు సరిగ్గా ఒక పూర్తి అల. ఉయ్యాల ఒక ఊపు అయ్యాక వచ్చినవాడు మళ్లీ అదే అదునులో తోసినట్టు. మీ పదిహేను వేల కట్టర్, ఈ స్పీడులో, మామూలు కట్టరే.

తేడా ఒక అల కాదు, అర అల కావాలి. లేదా ఒకటిన్నర. పిచ్ తేడా 8.4 దగ్గరే ఉంచి స్పీడు వెతికితే:

అర అలకి: 8.4 ÷ 360 × 890 × 60 ÷ 0.5 = 2492 ఆర్పీఎం
ఒకటిన్నర అలకి: అదే, 1.5తో భాగిస్తే 831 ఆర్పీఎం

2492 టైటానియంలో కుదరదు. రేపు 830లో పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు.

గంటస్తంభం | గురువారం, రాత్రి 11:20

నేను నమ్మను. స్పీడు తగ్గిస్తే ఏ కట్టరైనా నోరు మూసుకుంటుంది. పన్ను వెనక భాగం అలకి రాసుకుని ఊపు చస్తుంది, ప్రాసెస్ డ్యాంపింగ్ అంటారు. 1200లో నిమిషానికి 60 మీటర్లు, 865తో లెక్కేస్తే అల పొడుగు 1.16 మి.మీ. 830కి దిగితే 0.8 మి.మీ. అల పొట్టిదయ్యేకొద్దీ రాపిడి ఎక్కువ. 830లో సద్దుమణిగితే ఆ ఘనత పిచ్‌ది అనలేం.

సుత్తి_దెబ్బ | గురువారం, రాత్రి 11:26

ఒప్పుకుంటా. అందుకే పాత సమాన పిచ్ కట్టర్ కూడా అదే 830లో నడపాలి. అదీ సద్దుమణిగితే మీరు గెలిచారు.

ఆటోనగర్_బాబాయ్ | శుక్రవారం, ఉదయం 6:30

మా కాలంలో స్పిండిల్‌కి చెక్క ఆనించి చెవి పెట్టేవాళ్లం. ఇప్పుడు దశాంశాలు. బాగుంది, కానివ్వండి.

బాలానగర్_మిల్లర్ | శనివారం, సాయంత్రం 5:40

రెండూ నడిపా. ఫీడ్ పన్నుకి 0.08 అలాగే ఉంచా, అంటే టేబుల్ 266.

పాత కట్టర్, 830, డెప్త్ 10: అరిచింది. గొంతు కాస్త తగ్గింది, కానీ అరిచింది. 7కి తగ్గించాక మోత ఆగింది.
కొత్త కట్టర్, 830, డెప్త్ 10: మొదట మిషన్ కోయడం లేదేమో అనుకున్నా. చిప్స్ పడుతున్నాయి, మోత లేదు. 11, 12, 13 వరకు వెళ్లా. 14లో గుర్రుమంది.

మా ఆపరేటర్ పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. డోర్ దగ్గర నిలబడి "సార్, స్పీడు తగ్గిస్తే డెప్త్ పెరగడమేంది" అన్నాడు. ఉయ్యాల కథ చెప్పా. నవ్వి, టీ తాగొస్తానని వెళ్లాడు.

లెక్క: మొదట 1200లో 6 మి.మీ.కి నిమిషానికి 11.5 సీసీ లోహం తీసేవాణ్ని. ఇప్పుడు 830లో 13 మి.మీ.కి 17.3 సీసీ. స్పీడు మూడో వంతు తగ్గించి పని ఒకటిన్నర రెట్లు చేస్తున్నా. కట్టర్‌ని తిట్టినందుకు సారీ. మోసం అన్న మాటా వెనక్కి.

గంటస్తంభం | శనివారం, సాయంత్రం 6:02

పాతది 5 నుంచి 7కి పెరగడం నేను చెప్పిన రాపిడి. కొత్తది 6 నుంచి 13కి పెరగడం పిచ్. న్యాయంగా పంచుకుందాం.

హోసూరు_సీను | శనివారం, సాయంత్రం 6:30

అన్నా, పిచ్ తేడా ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.

చిలక_జోస్యం | ఆదివారం, ఉదయం 9:45

సీను చెప్పిన అపోహే ఎక్కువమందికి ఉంది. నేను ఎంటెక్‌లో దీని మీదే పనిచేశాను కాబట్టి కాస్త వెనక్కి వెళ్తా. పిచ్ అసమానంగా పెడితే చాటర్ తగ్గుతుందని 1965లోనే స్లావిచెక్ రాశాడు, రెండేళ్లకి వాన్‌హెర్క్ కంప్యూటర్ మీద లెక్క కట్టాడు. 1995లో అల్తిన్‌టాస్, బుడాక్ కలిసి మిల్లింగ్‌లో ఎంత డెప్త్ వరకు చాటర్ రాదో నేరుగా సూత్రంతో చెప్పే పద్ధతి ఇచ్చారు. తర్వాత 2003లో బుడాక్ దాన్ని తిరగేసి, "నా మోత ఇంత, నా స్పీడు ఇంత, అయితే పిచ్ ఎంత ఉండాలి" అనే ప్రశ్నకి జవాబు రాశాడు. పైన సుత్తి_దెబ్బ వేసింది ఆ లెక్కకి చిన్న తమ్ముడు.

మీకు 1200 స్పీడే కావాలంటే పిచ్ తేడా = 180 ÷ 44.5 = 4.05 డిగ్రీలు. 8.4 కాదు, దానిలో సగం కంటే తక్కువ. కానీ ఒకటి విడిచి ఒకటి పెట్టొద్దు. మెట్లు మెట్లుగా పెట్టండి: 83.93, 87.98, 92.02, 96.07. కలిపితే 360. వీటిలో పడే అలలు 10.375, 10.875, 11.375, 11.875. రెండు ఒక అదును, రెండు సరిగ్గా ఎదురు అదును.

మెట్లు ఎందుకంటే, 1200లో రెండు పద్ధతులూ ఒకటే, స్పీడు మారితేనే తేడా తెలుస్తుంది. నాలుగు పళ్ల తోపుల్ని దిశలతో సహా కలిపి, సమాన పిచ్ అయితే వచ్చేదాన్ని నూరు అనుకున్నా. మెట్ల పిచ్‌లో 800 నుంచి 2400 దాకా ఎక్కడ చూసినా మిగిలేది 27 దాటదు, 800, 1200, 2400 దగ్గర సున్నా. విడిచి విడిచి పెట్టే పిచ్‌లో 1200 దగ్గర సున్నాయే, కానీ 800కో 2400కో వెళ్లగానే 71. ఒకే ఒక్క స్పీడుకి ట్యూన్ చేసిన రేడియోలాంటిది అది. మెట్ల దానికీ ఒక గుంట ఉంది: 600లో పక్కపక్క పళ్ల తేడా సరిగ్గా ఒక అల అవుతుంది, నలుగురూ మళ్లీ ఒకే అదునులో తోస్తారు. సగం స్పీడులో సేఫ్‌గా నడుపుదామని ఆపరేటర్ 600కి దింపితే కట్టర్ చేసే మేలు ఏమీ ఉండదు, వేగం తగ్గినందుకు వచ్చే రాపిడి ఒక్కటే దిక్కు.

ఇది అదును లెక్క మాత్రమే. ఎన్ని మిల్లీమీటర్ల వరకు పోతుందో చెప్పాలంటే కట్టర్ ఎంత బలానికి ఎంత వంగుతుందో కావాలి. అది ఫోన్ చెప్పదు. సెన్సర్ ఉన్న సుత్తి, యాక్సిలరోమీటర్ పెట్టి కొలవాలి.

సుత్తి_దెబ్బ | ఆదివారం, ఉదయం 10:10

అవును, ఫోన్‌కి మోత తెలుసు, బిగువు తెలియదు. డెప్త్ హద్దు బిగువునీ డ్యాంపింగ్‌నీ గుణిస్తే వచ్చేదాని మీద నడుస్తుంది. ఏది రెట్టింపైనా హద్దు దాదాపు రెట్టింపు. ఈఆర్ బదులు హైడ్రాలిక్ హోల్డరో మిల్లింగ్ చక్కో వేసినప్పుడు కొందరికి ఒక్కసారిగా తేడా కనిపించేది అందుకే. కానీ జాగ్రత్త. హోల్డర్ మారిస్తే మోత మారుతుంది, మోత మారితే పిచ్ లెక్క మళ్లీ మొదటికి. ముందు హోల్డర్ తేల్చుకోండి, తర్వాత పిచ్.

కేటలాగ్_రాజు | ఆదివారం, ఉదయం 11:00

ఇంత తిప్పలెందుకు, వేరియబుల్ హెలిక్స్ తీసుకోండి. ఏ స్పీడుకైనా పనిచేస్తుంది.

చిలక_జోస్యం | ఆదివారం, ఉదయం 11:40

"ఏ స్పీడుకైనా కొంత" అనండి, ఒప్పుకుంటా. 16 మి.మీ. కట్టర్‌లో రెండు పళ్లు 35 డిగ్రీల హెలిక్స్, రెండు 38 అనుకుందాం. మొన దగ్గర నాలుగూ 90కి ఉన్నా, 10 మి.మీ. పైకి పోయేసరికి ఒక్కో ఖాళీ 5.8 డిగ్రీలు జరిగి 84.2, 95.8 అవుతుంది. అంటే అడుగున తేడా సున్నా, పైన 11.6. మీ 44.5 అలల లెక్కలో అది సున్నా నుంచి 1.43 అలల వరకు. ఎత్తు మారేకొద్దీ అదును మారుతుంది. ఎక్కడో ఒకచోట మంచి అదును, ఇంకోచోట చెడ్డది, మొత్తం మీద సగటున మేలు. పక్కాగా ట్యూన్ చేసిన పిచ్ అంత కాదు, కానీ మోత తెలియనివాడికి అదే క్షేమం. డెప్త్ 2, 3 మి.మీ. మాత్రమే తీసుకుంటే ఆ మేలు కూడా ఉండదు, ఎందుకంటే పిచ్ మారేంత ఎత్తు అక్కడ లేదు.

రాయి_చక్రం | ఆదివారం, మధ్యాహ్నం 12:15

నా దగ్గరికి వచ్చే తలనొప్పి ఇదే. ఇలాంటి హెలిక్స్ కట్టర్ మూలలు పోయాక కొస 4 మి.మీ. కోసి మళ్లీ గ్రైండ్ చేయమంటారు. చేస్తా. కానీ పైనున్న పిచ్ కిందికి వచ్చి కూర్చుంటుంది, ఖాళీలు 2.3 డిగ్రీలు జరుగుతాయి. "కొత్తప్పుడు బాగుంది, నువ్వు రుద్దాక అరుస్తోంది" అని నన్ను తిడతారు. సమాన హెలిక్స్, వేరియబుల్ పిచ్ అయితే ఎంత కోసినా ఆ పేచీ లేదు.

ఇంకోటి. పిచ్ తగ్గిన చోట ఫ్లూట్ ఇరుకవుతుంది. టైటానియంలో పక్కకి 5 మి.మీ.తో పర్లేదు. స్లాట్ నిండుగా, అంటే కట్టర్ పూర్తి వెడల్పుతో కోస్తే చిప్ అక్కడే ఇరుక్కుని కట్టర్ విరుగుతుంది. 84 డిగ్రీల లోపు ఖాళీ ఉంటే నేను ముందే చెప్పేస్తా, స్లాటింగ్ వద్దని.

హోసూరు_సీను | ఆదివారం, సాయంత్రం 4:00

రఫింగ్ ఎండ్‌మిల్ సంగతేంటి? అంచు అలలు అలలుగా ఉంటుంది కదా, అది కూడా చాటర్ తగ్గిస్తుందా?

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 4:25

తగ్గిస్తుంది సీనూ, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బ్లాకులు దానితోనే గుల్ల చేస్తాం. మిషన్ పాతదైనా లాక్కుపోతుంది. గోడ మాత్రం రంపంతో కోసినట్టు ఉంటుంది. ఫినిషింగ్‌కి ఇంకో కట్టర్ తప్పదు.

చిలక_జోస్యం | ఆదివారం, సాయంత్రం 5:10

బాబాయ్ అనుభవానికి కారణం చెబుతా, సరదాగా ఉంటుంది. ఆ అంచు మీది అల ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ కొంచెం జరిగి ఉంటుంది. ఫీడ్ 0.08, అల ఎత్తు అర మిల్లీమీటరు అనుకోండి. అప్పుడు ఒక ఎత్తులో ఒక పన్ను శిఖరం కోస్తుంటే మిగతా మూడు లోయల్లో ఉండి గోడని అసలు ముట్టుకోవు. నాలుగు పళ్ల కట్టర్ ఎక్కడికక్కడ ఒక పన్ను కట్టర్ అయిపోతుంది. హద్దు డెప్త్ పెరుగుతుంది. చిప్ మందం కూడా నాలుగింతల వరకు పెరుగుతుంది కాబట్టి సీసీకి పట్టే బలం తగ్గుతుంది.

ఇక్కడే తిరకాసు. మామూలు కట్టర్‌లో ఫీడ్ పెంచినా తగ్గించినా చాటర్ హద్దు పెద్దగా మారదు. రఫింగ్ కట్టర్‌లో ఫీడ్ బాగా పెంచితే లోయల్లో ఉన్న పళ్లు కూడా కోతలోకి వస్తాయి, అది మళ్లీ మామూలు కట్టర్ అయిపోతుంది. "ఇది రఫింగ్ కట్టరే కదా, ఫీడ్ తొక్కు" అని తొక్కినవాళ్లకి మోత వచ్చేది అందుకే. టైటానియంలో ఇంకో ఇబ్బంది. భారమంతా ఆ శిఖరాల మీదే పడి కొసలు త్వరగా పెచ్చులు లేస్తాయి.

కొత్తగా_చేరా | ఆదివారం, రాత్రి 8:33

పిచ్ తేడా ఉంటే ఒక పన్ను ఎక్కువ, ఒక పన్ను తక్కువ కోస్తుంది కదా? ఫినిష్ పాడవదా?

సుత్తి_దెబ్బ | ఆదివారం, రాత్రి 8:50

కోస్తుంది. 0.08 ఫీడ్‌కి, 83.93 ఖాళీ తర్వాత వచ్చే పన్ను 0.075, 96.07 ఖాళీ తర్వాత వచ్చేది 0.085. ఎక్కువ తినే పన్ను ముందు అరుగుతుంది, మైక్రోస్కోప్‌లో చూస్తే తెలుస్తుంది కూడా. 12 మైక్రాన్ల రనౌట్ చేసే అన్యాయం ముందు ఇదేం పెద్దది కాదు.

బాలానగర్_మిల్లర్ | ఆదివారం, రాత్రి 9:30

రాయి_చక్రం గారూ, మెట్ల పిచ్‌తో మూడు కట్టర్లు గ్రైండ్ చేస్తారా? ఆ నాలుగు కోణాలే. హోల్డర్ మార్చను, బయటికున్న 64 పొడుగూ మార్చను.

రాయి_చక్రం | ఆదివారం, రాత్రి 9:42

చేస్తా. 5 యాక్సిస్ గ్రైండర్‌లో పిచ్ అంకెలు మార్చడమే పని. కార్బైడ్ రాడ్ మీరు ఇచ్చినా సరే, నేను తెచ్చినా సరే. కోణం పావు డిగ్రీ అటూ ఇటూ రావచ్చు, పర్లేదా?

చిలక_జోస్యం | ఆదివారం, రాత్రి 9:50

పావు డిగ్రీ అంటే 0.03 అల. ఏమీ కాదు. కోర్ మందం మాత్రం ఇప్పుడున్న కట్టర్ అంతే ఉంచండి. సన్నగా చేస్తే మోత 890 నుంచి కిందికి జారుతుంది, ఇన్ని లెక్కలూ గోవిందా.

బాలానగర్_మిల్లర్ | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:05

ఆలస్యమైంది, మధ్యలో పెళ్లిళ్లు, కరెంటు కోతలు. కట్టర్లు వచ్చాయి. పెట్టగానే మొదట తట్టి చూశా: 858. ఆ పదిహేను వేల కట్టర్‌కి 862. సరిపోయింది.

1200, ఫీడ్ 384, డెప్త్ 10తో మొదలుపెట్టా. నిశ్శబ్దం అనను, టైటానియం కోస్తుంటే ఉండే ఆ గరగర ఉంది. కేక లేదు. 12, 13, 14 వరకు వెళ్లా. 16లో యాప్‌లో 887 దగ్గర శిఖరం తల ఎత్తింది, ఆపేశా. ఇప్పుడు 14లో నడుపుతున్నాం, నిమిషానికి 26.9 సీసీ. ఒక కట్టర్‌కి పదకొండు జాబులు వచ్చాయి, ఇంకా మూలలు ఉన్నాయి.

చిలక_జోస్యం గారు చెప్పిన గుంట కూడా కావాలనే చూశా. 600లో పెట్టి 10 డెప్త్ ఇచ్చా. అరిచింది! ఆపరేటర్ నా వైపు అదోలా చూశాడు.

ఒక సందేహం. బ్రాకెట్ ఇంకో వైపు పక్కటెముక గోడ 3 మి.మీ. మందం, 30 ఎత్తు. దాన్ని ఫినిష్ చేస్తే ఇదే కట్టర్ మళ్లీ మోగుతోంది, యాప్‌లో 2100 దగ్గర.

సుత్తి_దెబ్బ | శుక్రవారం, రాత్రి 8:31

అది కట్టర్ గొంతు కాదు, గోడ గొంతు. తట్టి చూడండి, గోడే 2000 చుట్టుపక్కల మోగుతుంది. కోసేకొద్దీ గోడ పలచబడి ఆ అంకె కూడా దిగుతూ పోతుంది, ఒక పిచ్‌తో దాన్ని పట్టుకోలేం. గోడని పూర్తి ఎత్తు ఒకేసారి కాకుండా పైనుంచి మెట్లుగా, రెండు వైపులా మార్చి మార్చి దించండి. కింద మందం ఉండగానే పైభాగం ఫినిష్ అయిపోవాలి.

కొత్త థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం. గోడ ఫోటో, తట్టిన రికార్డింగ్ రెండూ పెట్టండి.

బాలానగర్_మిల్లర్ | శుక్రవారం, రాత్రి 8:40

రేపు పొద్దున పెడతా. ఫోన్ పాలిథిన్ కవర్లోనే ఉంది.